పక్క టవర్ మీద కూడా వాన పడుతోందా?

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినిపిస్తోందా? సరే. ఈ రోజు సంగతి, వాన పడితే మైక్రోవేవ్ లింకులు, అంటే టవర్ నుంచి టవర్‌కి గాల్లో రేడియో తరంగాలతో నడిచే కనెక్షన్లు, ఎలా పడిపోతాయన్నది. స్లైడ్లు తక్కువ, మాటలు ఎక్కువ, మధ్యలో ఏదైనా అడగాలనిపిస్తే ఆపి అడిగేయండి.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక సైట్‌కి రెండు మైక్రోవేవ్ లింకులు ఉన్నాయనుకోండి, ఒకటి పడిపోతే రెండోది ఆదుకోవాలని పెట్టుకున్నవి. రెండింటికీ 99.99 శాతం అని రాసిచ్చారు. అంటే ఒక్కోటి ఏడాదిలో 0.01 శాతం సమయం, సుమారు 53 నిమిషాలు, పని చేయకపోవచ్చు. మరి రెండూ ఒకేసారి పడిపోయే సమయం ఎంత? బళ్లో నేర్పినట్టు సంభావ్యతలు గుణించేస్తే ఏడాది మొత్తానికి సెకనులో మూడో వంతు వస్తుంది. అబ్బో, ఇంకేం కావాలి అనుకుని డిజైన్ మీద సంతకం పెట్టేస్తారు. కానీ ఆ గుణకారం చెల్లాలంటే ఆ రెండు లింకులూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తడవాలి. పక్కపక్కన ఉన్నవి అలా ఎందుకు తడుస్తాయండీ? రెండూ ఒకే మబ్బు కింద ఉన్నాయి కదా! పూర్తిగా కలిసే తడిస్తే జవాబు 53 నిమిషాలు. అసలు జవాబు సెకనులో మూడో వంతుకీ 53 నిమిషాలకీ మధ్య ఎక్కడో ఉంటుంది, ఆ రెండింటికీ తేడా 10,000 రెట్లు. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ మధ్యలో ఎక్కడ అన్నదాని గురించే.

అసలు వానకీ సిగ్నల్‌కీ గొడవెందుకు అన్నది చాలామందికి తెలిసే ఉంటుంది, గబగబా చెప్పేస్తాను. 10 గిగాహెర్ట్జ్ కింద వానని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఆ పైకి వెళ్లేకొద్దీ తరంగం పొడవు తగ్గుతూ చినుకు సైజుకి దగ్గరవుతుంది. 30 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు ఒక సెంటీమీటరు, చినుకులేమో ఒకటి నుంచి ఐదు మిల్లీమీటర్లు. దాంతో ప్రతి చినుకూ కొంత శక్తిని పీల్చుకుంటుంది, కొంత పక్కలకి చెదరగొడుతుంది. ఇంకో విషయం, పెద్ద చినుకులు గుండ్రంగా ఉండవు, కిందికి పడుతూ గాలి ఒత్తిడికి అడ్డంగా సాగుతాయి, అందుకే తరంగం నిలువుగా ఊగితే, అంటే నిలువు పోలరైజేషన్‌కి, నష్టం కాస్త తక్కువ. ఎంత వానకి ఎంత నష్టం అన్న లెక్క ఐటీయూ, అంటే అంతర్జాతీయ టెలికాం సంస్థ, వాళ్ల సిఫార్సు పి.838లో దొరుకుతుంది. వాన తీవ్రతని ఒక ఘాతానికి ఎత్తి ఒక స్థిరాంకంతో గుణించడమే, ఆ రెండు అంకెలూ ఫ్రీక్వెన్సీని బట్టి మారతాయి. 20 గిగాహెర్ట్జ్ దగ్గర, అడ్డ పోలరైజేషన్‌కి, గంటకి 50 మిల్లీమీటర్ల తీవ్రతతో వాన కురుస్తుంటే కిలోమీటరుకి 5.7 డెసిబెల్స్ పోతాయి (10 డెసిబెల్స్ పోతే సిగ్నల్ శక్తిలో పదో వంతే మిగులుతుంది). అదే వానకి 40 గిగాహెర్ట్జ్ దగ్గర 13 పోతాయి. ఇక్కడిదాకా పేచీ లేదు, ఇది ఫిజిక్స్, దశాబ్దాల కిందటే తేలిపోయింది.

పేచీ అంతా ఆ 50 ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్న దగ్గర మొదలవుతుంది.

వాతావరణం వాళ్లని వాన డేటా అడిగితే సాధారణంగా రోజుకి ఇన్ని మిల్లీమీటర్లు అని ఇస్తారు. వాళ్ల అవసరానికి అది చాలు. పంటలు వేసేవాళ్లకీ, చెరువులు చూసేవాళ్లకీ ఆ మొత్తమే కావాలి. మనకి మాత్రం ఆ ఒక్క అంకె పనికిరాదు. ఎందుకో చూడండి. రోజుకి 24 మిల్లీమీటర్లు పడింది. అది రోజంతా పట్టిన ముసురు అయితే గంటకి ఒక మిల్లీమీటరు. 20 గిగాహెర్ట్జ్ దగ్గర 5 కిలోమీటర్ల లింకుకి అర డెసిబెల్ కూడా నష్టం ఉండదు, లింకుకి వాన పడిందని కూడా తెలియదు. అదే 24 మిల్లీమీటర్లూ 24 నిమిషాల కుండపోత అయితే గంటకి 60 లెక్కన పడ్డట్టు, దారంతా అలాగే తడిస్తే 35 డెసిబెల్స్ దాకా గోవిందా. రిజిస్టర్లో రెండు రోజులూ ఒకటే అంకె. అందుకే మన రంగంలో నిమిషం నిమిషానికి కొలిచిన వాన కావాలంటారు. ఏడాదిలో 0.01 శాతం సమయం దాటే తీవ్రత ఎంత అన్నది మన ఆధారం, దాని ప్రపంచ పటం ఐటీయూ వాళ్ల పి.837లో ఉంటుంది. సమశీతోష్ణ దేశాల్లో అది చాలాచోట్ల గంటకి 30 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే, ఉష్ణమండలంలో 100 దాటే చోట్లు బోలెడున్నాయి.

సరే, ఆ అంకె దొరికింది. ఇంకేం, లింకు పొడవుతో గుణించేద్దాం అంటే కుదరదు. లింకుని దండెం అనుకోండి. వాన ఎంత పెద్దదన్నది తర్వాత సంగతి, దండెంలో ఎంత భాగం తడిసింది అన్నది ముందు చూడాలి. కుండపోత ఎప్పుడూ చిన్న చోటే పడుతుంది, కొన్ని కిలోమీటర్ల అడ్డుకొలత ఉంటుందంతే. ముసురు వందల కిలోమీటర్లు పరుచుకుంటుంది, కానీ పలచన. 20 కిలోమీటర్ల లింకు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా గంటకి 100 మిల్లీమీటర్ల వాన ఒకేసారి పడడం దాదాపు జరగదు. అందుకే పి.530లో లింకు పొడవుని తగ్గించి లెక్కపెట్టే గుణకం ఒకటి పెట్టారు. పనికొచ్చేదే, ఒక్క లింకు డిజైన్‌కి నేను కూడా అదే వాడతాను. కానీ గమనించారా, ఆ ఒక్క గుణకంలో వాన ఆకారం మొత్తం కుక్కేశారు. ఒకే లింకు ఉన్నంతవరకే ఆ కుక్కుడు చెల్లుతుంది, రెండో లింకు వచ్చిన క్షణం నుంచి ఆ ఆకారాన్ని బయటికి తీయక తప్పదు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ స్లైడ్ మీద రెండు లింకులు గీశాను, రెండూ 5 కిలోమీటర్లే, 20 గిగాహెర్ట్జే, రెండింటికీ ఫేడ్ మార్జిన్, అంటే పడిపోకుండా తట్టుకోగల నష్టం, 20 డెసిబెల్స్. వాన ముద్ద ఒకటి, 5 కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి ముద్ద, లోపలంతా గంటకి 50 మిల్లీమీటర్లు, సెకనుకి 10 మీటర్ల వేగంతో కదులుతోంది. నిజం వాన ఇంత బుద్ధిగా ఉండదు, చూడ్డానికి తేలికని ఇలా పెట్టా. ఒక లింకు గాలి వాటానే ఉంది, రెండోది గాలికి అడ్డంగా. విడివిడిగా చూడండి, ప్రతిసారీ ముద్ద లింకు నడిమధ్య మీదుగా పోతుంది. గాలి వాటాన ఉన్న లింకుకి ముద్ద అంచు తగిలిన నిమిషానికి 600 మీటర్లు తడుస్తుంది, నష్టం మూడున్నర డెసిబెల్స్, అలా నెమ్మదిగా పెరుగుతూ ఆరు నిమిషాల దగ్గర లింకు పడిపోతుంది. అడ్డంగా ఉన్న లింకుకి అదే నిమిషానికి మూడుంపావు కిలోమీటర్లు తడిసిపోతుంది, నష్టం 18 దాటింది, ఇంకో పది పన్నెండు సెకన్లలో లింకు ఖతం. వాన అదే, పొడవు అదే, గరిష్ఠ నష్టం కూడా రెండింటికీ 28 పైచిలుకే. ఏడాది లెక్కల్లో ఈ రెండు లింకులకీ తేడా కనిపించదు. కానీ మాడ్యులేషన్ మెట్లు దిగడానికీ, అంటే డేటా వేగం తగ్గించుకుని లింకు నిలబెట్టుకోవడానికీ, ట్రాఫిక్‌ని ఇంకో దారికి మళ్లించడానికీ ఒకదానికి ఆరు నిమిషాలు టైమ్ దొరికింది, రెండోదానికి నిమిషం పైన కొద్ది సెకన్లు. నెట్‌వర్క్ కంట్రోల్ రాసేవాళ్లకి కావాల్సింది ఈ తేడానే.

అంటే మనకి కావాల్సింది ఒక సినిమా లాంటిది, ఫొటో చాలదు. ప్రతి చోటా, ప్రతి నిమిషం, అక్కడి వాన ఎంత అని. ఆ డేటా ఎక్కడ దొరుకుతుంది?

దొరకదు, అదే చిక్కు. వర్షమాపకం ఉన్న చోట అది బాగానే చెబుతుంది, నాలుగు అడుగుల అవతల ఏం పడుతోందో దానికి తెలియదు. రాడార్ పెద్ద ప్రాంతం చూస్తుంది, మామూలుగా కిలోమీటరు గడులు, ఐదేసి నిమిషాలకో చిత్రం, కానీ అది కొలిచేది ప్రతిధ్వనిని, వానని కాదు. ప్రతిధ్వనిలో చినుకు సైజు ఆరో ఘాతంలో వస్తుంది కాబట్టి నాలుగు పెద్ద చినుకులు మొత్తం లెక్కని ఎత్తేస్తాయి. 1948లో మార్షల్, పామర్ చినుకు సైజుల పంపిణీకి ఒక సూత్రం ఇచ్చారు, దాన్నుంచి వచ్చిన సంబంధాలు ఇప్పటికీ వాడుతున్నాం, అది సగటున సరిపోతుంది, ఫలానా వానకి సరిపోతుందన్న భరోసా లేదు. పైగా మంచు కరిగే ఎత్తులో ప్రతిధ్వని ఒక్కసారిగా పెరిగి, లేని కుండపోతని చూపిస్తుంది. ఉపగ్రహాల సంగతి చూస్తే, 2014లో ఎగిరిన, వాన కొలిచే ఉపగ్రహం జీపీఎం లాంటి వాటినుంచి వచ్చే పటాలు భూమంతా కప్పుతాయి, కానీ ఒక్కో గడి పది కిలోమీటర్ల పైనే, అరగంటకో చిత్రం. మన లింకులు రెండు మూడు ఒకే గడిలో పడిపోతాయి. వాతావరణ మోడళ్లదీ ఇంచుమించు ఇదే గొడవ.

అందుకని ముతక డేటాలో లేని సన్నటి వివరాన్ని మనమే పుట్టించాలి. తోచినట్టు పుట్టిస్తే కుదరదు, నిజం వానకి ఉండే లక్షణాలతో పుట్టించాలి. దీనికి జనం రకరకాల దారులు పట్టారు. ఒక దారి, వానని ముద్దల సమూహంగా చూడడం. 1987లో మిలాన్ వాళ్లు ఇచ్చిన ఎక్సెల్ మోడల్ ఇదే, స్ప్రెడ్‌షీట్ ఎక్సెల్ కాదు లెండి (నవ్వులు), ప్రతి ముద్దకీ మధ్యలో ఒక శిఖరం, అక్కణ్ణుంచి చుట్టూ ఘాతీయంగా తగ్గుతుంది. 2003లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన హైసెల్ అందులోనే కుండపోత భాగానికి ఒక ఆకారం, చుట్టూ పలచటి వానకి ఇంకో ఆకారం పెట్టింది. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పరామితులకి అర్థం ఉంటుంది. ముద్దలని ఎక్కడెక్కడ పెట్టాలి, అవి గుంపులుగా ఎలా వస్తాయి అన్న దగ్గర తల బొప్పి కడుతుంది.

నాకు నచ్చే దారి రెండోది. మొత్తం ప్రాంతాన్ని ఒకే యాదృచ్ఛిక క్షేత్రంగా చూడడం. ఎలా చేస్తారో చెబుతా, ఇంటికెళ్లి నలభై లైన్ల కోడ్‌లో మీరే చేసుకోవచ్చు. గ్రిడ్ తీసుకుని ప్రతి గడిలో ఒక గాసియన్ అంకె, అంటే సున్నా చుట్టూ గంట ఆకారంలో పరుచుకునే యాదృచ్ఛిక అంకె, వేయండి. ఇప్పుడది ఇసుక జల్లినట్టు ఉంటుంది, పక్క గడితో సంబంధం లేదు. దాన్ని ఫూరియర్‌లోకి తీసుకెళ్లి, అంటే రకరకాల పొడవుల అలలుగా విడగొట్టి, పెద్ద పొడవులకి ఎక్కువ బలం, చిన్న పొడవులకి తక్కువ బలం ఉండేలా వడపోసి వెనక్కి తెండి. ఆ బలం ఎంత త్వరగా తగ్గాలి, అంటే వాలు ఎంత అన్నది రాడార్ చిత్రాల నుంచి తీసుకోవాలి. ఇప్పుడు మబ్బుల్లాంటి ఆకారాలు వస్తాయి. తర్వాత, ఆ ప్రాంతంలో ఇరవై శాతం చోటే వాన పడుతోందంటే, పైనున్న ఇరవై శాతం విలువలు, అంటే సగటు సున్నా, విచలనం ఒకటి ఉండేలా సరిచేశాక 0.84 దాటినవి, ఉంచి మిగతావి సున్నా చేసేయండి. ఉంచినవాటిని లాగ్‌నార్మల్ (లాగరిథం తీస్తే గాసియన్ అయ్యే) పంపిణీలోకి మార్చండి, స్థానిక తీవ్రతకి సరిపడేలా. అంతే, ఒక చిత్రం వచ్చేసింది.

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. గాసియన్‌లో మీరు పెట్టిన సహసంబంధం, అంటే ఒక చోటి విలువ ఇంకో చోటి విలువతో కలిసి ఎంత మారుతుందన్నది, వానగా మార్చాక అలాగే ఉండదు, తగ్గిపోతుంది. 10 కిలోమీటర్ల దూరానికి ఇంత అని కొలిచి తెచ్చి అదే గాసియన్‌లో పెట్టేస్తే, చివరికి వచ్చే వానలో దూరంగా ఉన్న లింకులు మరీ విడివిడిగా తడుస్తాయి. ఫలితం చూడ్డానికి మాత్రం బాగుంటుంది, రెండూ కలిసి పడిపోయే సమయం తక్కువ వచ్చింది కాబట్టి మీ మేనేజర్ కూడా సంతోషిస్తాడు. ముందే వెనక్కి లెక్కగట్టి గాసియన్‌లో ఎక్కువ పెట్టుకోవాలి. సున్నాల సంగతి కూడా అంతే, వాన లేని చోట్లని పట్టించుకోని మోడల్ ఎప్పుడూ ఎక్కడో ఒక సన్న తుంపర పడుతూనే ఉందంటుంది.

ఇక కదలిక. అన్నిటికన్నా తేలిక పద్ధతి, చిత్రాన్ని గడ్డకట్టించి గాలి వేగంతో జరపడం. ప్రవాహాల్లో సుడుల గురించి టేలర్ 1938లో చేసిన ఊహే ఇది, వానకి పట్టుకొచ్చారు. ఒక్క చోట పెట్టిన వర్షమాపకం రికార్డుని వేగంతో గుణించి దారి పొడవునా వాన అని వాడే పద్ధతి కూడా దీని మీదే నిలబడింది. ఇది ఎంతసేపు చెల్లుతుంది? 1973లో జవాడ్‌స్కీ రాడార్ డేటాతో చూసి, 40 నిమిషాల లోపే అన్నారు. ఆ తర్వాత ముద్దలు పుడతాయి, పోతాయి, కలిసిపోతాయి. చిన్నవి త్వరగా చస్తాయి, పెద్దవి నిలుస్తాయి. అందుకని ఫూరియర్‌లో ఒక్కో పొడవుకి ఒక్కో జ్ఞాపకశక్తి ఇస్తారు, కిలోమీటరు సైజు వివరానికి నిమిషాలు, వంద కిలోమీటర్ల ఆకారానికి గంటలు. వాన ముందస్తు అంచనాల వాళ్లు వాడే స్టెప్స్ పద్ధతి, 2006 నాటిది, లోపల ఇలాగే నడుస్తుంది. మనం వాళ్ల దగ్గర్నుంచి సిగ్గుపడకుండా తెచ్చుకోవచ్చు.

ఒక్క లింకు ఎత్తుపల్లాలే కావాలంటే ఇంత అక్కర్లేదు. 1981లో మాసెంగ్, బాకెన్ ఇచ్చిన మోడల్ ఉంది, నష్టం లాగరిథంని ఒక మార్కోవ్ ప్రక్రియగా, అంటే తర్వాతి విలువ ఇప్పటి విలువ మీదే ఆధారపడేలా, తీసుకుంటారు, ఎంత వేగంగా మారుతుందో చెప్పే పరామితి ఒకటే. ఉపగ్రహ లింకుల సిమ్యులేషన్‌లో ఇప్పటికీ దాని వారసులే తిరుగుతున్నారు. కానీ దానికి పక్క లింకు అనేది తెలియదు.

పక్క లింకు ఎందుకింత ముఖ్యమో ఇంకో రెండు సందర్భాలు చెప్పి ముగిస్తా. మొదటిది ఉపగ్రహ గేట్‌వేలు, అంటే ఉపగ్రహంతో మాట్లాడే నేల మీది స్టేషన్లు. కేఏ బ్యాండ్ (20, 30 గిగాహెర్ట్జ్ ప్రాంతం) దాటి పైకి వెళ్లాక మార్జిన్ పెంచుకుంటూ పోవడం కుదరదు, అంచేత రెండో స్టేషన్ దూరంగా పెట్టి వాన లేని దాని మీదకి మారతారు. ఎంత దూరం? 5 కిలోమీటర్లు పెడితే ఒకే ముద్ద రెండింటినీ తడుపుతుంది, 50 పెడితే కుండపోత తప్పించుకుంటారు కానీ పెద్ద తుపాను తప్పించుకోలేరు. రెండోది జోక్యం. పక్క లింకు నుంచి వచ్చే అనవసరమైన సిగ్నల్ కూడా వానకి తగ్గుతుంది కదా, నా సిగ్నల్‌తో పాటే అదీ తగ్గితే నాకు నష్టం లేదు. నా దారి మీద వాన పడి, దాని దారి పొడిగా ఉన్నప్పుడే గొడవ. అందరి మీదా ఒకేలా వాన పడుతుందనుకునే ప్లానింగ్ టూల్‌కి ఈ కేసు కనిపించనే కనిపించదు.

ఇదే కథని తిరగేసినవాళ్లూ ఉన్నారు. వాన సిగ్నల్‌ని తగ్గిస్తుంది కదా, తగ్గిన సిగ్నల్ చూసి వాన ఎంతో చెప్పొచ్చు. 2006లో మెస్సర్ బృందం సైన్స్ పత్రికలో ఇది చూపించింది, 2013లో నెదర్లాండ్స్‌లో దాదాపు 2,400 మొబైల్ లింకులతో దేశం మొత్తానికి పదిహేనేసి నిమిషాల వాన పటాలు గీశారు. వాళ్లని వేధించేది తడిసిన యాంటెన్నా, దాని కవరు మీద నీటి పొర కూడా కొన్ని డెసిబెల్స్ తినేస్తుంది, దాన్ని దారి మీద వాన అనుకుంటే లెక్క తప్పుతుంది.

సరే, ప్రశ్నలు.

ప్రశ్న: సర్, ఇదంతా ఎందుకండీ, న్యూరల్ నెట్‌వర్క్‌కి రాడార్ చిత్రాలు ఇచ్చేస్తే అదే నేర్చుకోదా?

నేర్చుకుంటుంది, చిత్రాలు బాగా గీస్తుంది కూడా. మనకి కావాల్సింది ఏడాదిలో 53 నిమిషాలండీ. ఐదేళ్ల డేటా ఇచ్చినా అసలు విషయం నాలుగైదు గంటలే, మిగతాదంతా పొడి వాతావరణమూ, చిరుజల్లులూ. సగటు తప్పు తగ్గించమని నేర్పితే అది శిఖరాలని నున్నగా చేసేస్తుంది, మనకి కావాల్సినవి శిఖరాలే. వాడండి, వద్దనను, కానీ చిత్రం బాగుందా అని చూడకుండా రెండు లింకులు కలిసి పడిపోయే సమయం సరిగ్గా వస్తోందా అని చూడండి.

ప్రశ్న: వాతావరణం మారుతోంది కదా, పాత పటాలు పనికొస్తాయా?

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు, అంచేత చిన్న వ్యవధి కుండపోతలు గట్టిపడతాయని ఆశించడం సబబే. లింకు ఆయుష్షు పది పదిహేనేళ్లు అనుకుంటే, పటంలోని అంకెని దేవుడి మాటలా తీసుకోకుండా, తీవ్రత కాస్త పెంచి ఇంకోసారి రన్ చేసి, డిజైన్ ఎక్కడ విరుగుతుందో చూసుకోండి.

ప్రశ్న: మా దగ్గర రాడార్ లేదు, వర్షమాపకాలూ అంతంతమాత్రం. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ లింకులతోనే. మీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ప్రతి పదిహేను నిమిషాలకీ అందిన సిగ్నల్ కనిష్ఠం, గరిష్ఠం రాసుకుంటూ ఉంటుంది, చాలాచోట్ల కొన్నాళ్లకి చెరిపేస్తారు. ముందు ఆ చెరిపే సెట్టింగ్ ఆపించండి. డిస్క్ ఖర్చు లెక్కలోకే రాదు. ఒక వానాకాలం గడిచాక ఏ రెండు లింకులు ఒకే పదిహేను నిమిషాల్లో 10 డెసిబెల్స్ దాటి పడ్డాయో జంట జంటకీ లెక్కపెట్టి, లింకుల మధ్య దూరానికి ఎదురుగా చుక్కలు పెట్టండి. చెల్లాచెదరుగా ఉంటుంది, పర్లేదు, ఏ దూరం దగ్గర ఆ జతకట్టడం తగ్గిపోతోందో కంటికే తెలుస్తుంది. తర్వాత నేను చెప్పిన నలభై లైన్ల కోడ్‌లో వాలు మారుస్తూ అదే గ్రాఫ్ వచ్చేదాకా సరిచేసుకోండి. కొన్ని జంటలు దూరంగా ఉండి కూడా ఎప్పుడూ కలిసే పడుతుంటే వాటికి కరెంటు ఒకే లైన్ నుంచి వస్తోందేమో ముందు కనుక్కోండి, దానికీ వానకీ సంబంధం ఉండకపోవచ్చు.